కమ్యూనికేషన్ సిస్టమ్స్: ఫార్ములాలు వస్తున్నాయి గానీ విషయం బుర్రకెక్కట్లేదు

వంశధార_అమ్మాయి
మాది గుణుపురం దగ్గర పల్లె. ఈసీఈ ఐదో సెమిస్టర్. అనలాగ్ కమ్యూనికేషన్ మిడ్‌లో 30కి 9 వచ్చాయి. చదవక కాదు, రెండు వారాలు రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను. ఏఎం, అదే యాంప్లిట్యూడ్ మాడ్యులేషన్, ఈక్వేషన్ రాయమంటే రాసేస్తాను, పవర్ డెరివేషన్ కళ్ళు మూసుకుని చేసేస్తాను. పేపర్లో కొంచెం తిప్పి అడిగారు, క్యారియర్, అదే మాటని మోసే అల, తీసేసి పంపితే రిసీవర్‌కి ఏమవుతుంది అని, అంతే, పెన్ను ఆగిపోయింది. కాస్‌ని కాస్‌తో గుణిస్తే రెండు కాస్‌లొచ్చాయి సరే, మరి నా గొంతు ఏదీ? అందులో ఎక్కడుంది? ఇంట్లో తెలుగు, పదో తరగతి దాకా ఒడియా మీడియం, ఇక్కడ అంతా ఇంగ్లీషు, డౌటు అడుగుదామని లేస్తే ఏ భాషలో అడగాలో తేల్చుకునేసరికి బెల్లు కొట్టేస్తారు. వచ్చే సెమిస్టర్ డిజిటల్, అదింకా కష్టం అని సీనియర్లు భయపెడుతున్నారు. మా మావయ్య కొడుకు ఇదంతా వదిలీసి కోడింగ్ నేర్చుకో అంటన్నాడు. దీన్ని నిజంగా అర్థం చేసుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఎలగ చదివారో చెప్పండి.

బరంపురం_బాబు
పదేళ్ళ పాత పేపర్లు తీసుకో, రిపీటయిన ప్రశ్నలు టిక్కు పెట్టుకో, అవి బట్టీ కొట్టు. నేను అలగే గట్టెక్కాను. ఎక్కువ ఆలోచిస్తే సెమిస్టర్ అయిపోద్ది.

సిగ్నల్_సింహాచలం
గట్టెక్కడం ఎలాగని ఆ పిల్ల అడగలేదు బాబూ. గొంతు ఏదీ అని అడిగింది.

455కేసీ
నేను చెప్తాను. మాది రాయగడ, నాన్నది రేడియో రిపేరు కొట్టు, ఇప్పుడు మొబైల్ కొట్టు అయిపోయింది గానీ పాత సెట్లు ఇంకా పది పన్నెండు అటక మీద ఉన్నాయి. నేను ఈ సబ్జెక్టు ముందు కొట్లో నేర్చుకున్నాను, తర్వాత కాలేజీలో.

నీ గొంతు ఎక్కడికీ పోలేదు చెల్లీ, ఇల్లు మారింది అంతే. టెలిఫోన్లో వెళ్ళే గొంతు 300 హెర్ట్జ్ నుంచి 3400 దాకా ఉంటది. దాన్ని వైజాగ్ ఆకాశవాణి 927 కిలోహెర్ట్జ్ మీద ఎక్కించాం అనుకో. అప్పుడు అదే గొంతు 927.3 నుంచి 930.4 దాకా ఒకసారి, 926.7 నుంచి కిందకి 923.6 దాకా అద్దంలో బొమ్మలాగ తిరగబడి ఇంకోసారి కూర్చుంటది. మధ్యలో 927 దగ్గర నిలబడింది క్యారియర్, దాంట్లో మాట ఒక్క ముక్క లేదు. నువ్వు రాసిన రెండు కాస్‌లు అవే. ఒక్క స్వరానికి రెండు గీతలు, గొంతులో ఉన్న స్వరాలన్నింటికీ కలిపి రెండు మేటలు. ఒక్క కాస్‌తో లెక్క చేయించి వదిలేస్తారు, అందుకే గొంతు కనబడదు.

వంశధార_అమ్మాయి
అయ్యో. అంటే సైడ్ బ్యాండ్ అంటే నా గొంతేనా!! దాని పక్కన వచ్చే అదనపు చెత్త అనుకున్నాను ఇన్నాళ్ళూ, పేరు అలగుంది కదా

సోలార్_సూరి
ఇల్లు ఎందుకు మారాలో అది కూడా చెప్పాలి కదా. నాకు మూడో ఏడు అయ్యేదాకా తెలీలేదు.

455కేసీ
ఏంటెన్నా కోసం. 3 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 100 కిలోమీటర్లు, అందులో పావు వంతు ఏంటెన్నా కావాలంటే 25 కిలోమీటర్ల స్తంభం పాతాలి. 927కి ఎక్కిస్తే 81 మీటర్లు చాలు. ఇంకోటి, అందరూ కింద ఇంట్లోనే ఉంటే అందరి గొంతులూ కలిసిపోతాయి. మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ ఎడంతో ఉంటాయి, వైజాగ్ 927, కటక్ 972, రెండూ తొమ్మిదితో భాగించి చూడు, శేషం రాదు.

బరంపురం_బాబు
927 బై 9... 103. ఇన్నేళ్ళూ విన్నాను గానీ ఇది తెలీదు

ఎక్స్ఛేంజ్_మాస్టారు
నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్ళు పని చేసి రిటైరయ్యాను, పర్లాకిమిడిలో ఉంటాను. అమ్మా, ఆ పరీక్ష ప్రశ్న మంచి ప్రశ్న, దాని మీద కోపం తెచ్చుకోకు. వంద కిలోవాట్ల క్యారియర్ ఉన్న స్టేషన్ నిండు మాడ్యులేషన్‌తో పాడిందనుకో, గాల్లోకి నూట యాభై కిలోవాట్లు వెళ్తాయి. అందులో వంద, అంటే మూడింట రెండు వంతులు, మాట లేని క్యారియర్‌కే పోతాయి. మిగిలిన యాభైలో కూడా రెండు సైడ్ బ్యాండ్లదీ ఒకటే మాట. ఇది చూసి ఎవరైనా ఇంత దుబారా ఏమిటండీ అంటారు. మరి ఎందుకు చేశారు?

ఎందుకంటే స్టేషన్ ఒకటి, రేడియోలు లక్షలు. క్యారియర్ తోడుగా పంపితే ఇంట్లో రిసీవర్‌కి ఒక డయోడు, ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు చాలు, మాట ఊడి వచ్చేస్తుంది. కరెంటు ఖర్చు స్టేషన్ భరించింది కాబట్టి పేదవాడి రేడియో చవకగా ఉంది. క్యారియర్ తీసేస్తే స్టేషన్‌కి మిగులు, కానీ ప్రతి ఇంట్లోనూ అచ్చం అదే ఫ్రీక్వెన్సీ, అదే ఫేజు (అల మొదలయ్యే చోటు) మళ్ళీ పుట్టించే సర్క్యూట్ పెట్టాలి. నువ్వు ఈ ముక్క రాసుంటే మార్కులు పడేవి.

జయపురం_అక్క
మాస్టారు చెప్పిందానికి ఒక అంకె జోడిస్తాను. క్యారియర్ లేకుండా పంపినప్పుడు రిసీవర్లో పుట్టించిన క్యారియర్ ఫేజు 60 డిగ్రీలు తప్పితే మాట సగానికి పడిపోతుంది, 90 తప్పితే మాట సున్నా. ఏమీ వినబడదు. డెరివేషన్లో చివర కాస్ ఫై అని వస్తుంది చూడు, అది ఇదే. ఆ కాస్ ఫై దగ్గర ఒక్క నిమిషం ఆగు, ఎందుకో తర్వాత చెప్తాను, ఆఫీసు క్యాబ్ వచ్చింది.

సోలార్_సూరి
అందరూ బాగా చెప్తన్నారు గానీ నా మాట కూడా రాస్తాను, ఏమనుకోకండి. ఈ రోజుల్లో ఏఎం ఎవడు వింటన్నాడు? డయోడ్ డిటెక్టరు, వీఎస్‌బీ (ఒక సైడ్ బ్యాండ్‌ని కొంచెమే ఉంచి పంపే పద్ధతి), ఇవన్నీ మ్యూజియంలో పెట్టాల్సినవి. పిల్లల చేత ఆరు నెలలు ఇవి చదివించి ఫైవ్ జీ గురించి చివర్లో రెండు పేజీలు చెప్పి పంపేస్తే ఉద్యోగం ఎలాగొస్తది? తీసేయాలి సిలబస్ నుంచి.

బరంపురం_బాబు
+1

455కేసీ
నేను ఒప్పుకోను

గజపతి_గిరి
తిత్లీ తుఫాను గుర్తుందా, 2018 అక్టోబరు. మా గజపతి జిల్లాలో కొండ పక్క ఊరు మాది. కరెంటు లేదు, టవర్లు లేవు, ఫోన్లు ఇటుకలైపోయాయి. మా తాత దగ్గర రెండు సెల్లుల రేడియో ఉంది, నాలుగు రోజులు ఊరంతా దాని చుట్టూ కూర్చుంది. మ్యూజియం అనకండి అన్నా.

సోలార్_సూరి
అది నిజమే తమ్ముడూ, దాన్ని కాదనను. నేను సిలబస్ గురించి అంటన్నాను.

జయపురం_అక్క
సూరిగారూ, నేను బెంగుళూర్లో మోడెమ్ చిప్పుల మీద పదకొండేళ్ళుగా పని చేస్తున్నాను, పని అంతా డిజిటలే, కాబట్టి నేనే చెప్తాను. మీ ఫోన్ ఏంటెన్నా దాకా వచ్చిన సిగ్నల్లో సున్నా, ఒకటి అని ఎక్కడా రాసి ఉండవు. వచ్చేది అల. ఆ అలని లోకల్ ఆసిలేటర్‌తో, అంటే ఫోన్లోనే పుట్టించిన అలతో, గుణించి కిందకి దింపేది అనలాగ్ సర్క్యూటే.

ఇందాక ఆగమన్న కాస్ ఫై ఇప్పుడు చూడండి. 90 డిగ్రీలు తప్పితే మాట సున్నా అయిపోతుంది అని డీఎస్‌బీలో, అంటే క్యారియర్ తీసేసి రెండు సైడ్ బ్యాండ్లే పంపే పద్ధతిలో, దాన్ని కష్టంగా చదువుకున్నాం. అదే కష్టాన్ని తిప్పి వాడుకుంటే? ఒక మాటని కాస్ మీద, ఇంకో మాటని సైన్ మీద ఎక్కించి ఒకే ఫ్రీక్వెన్సీలో పంపాం అనుకోండి, కాస్‌తో గుణించినవాడికి మొదటిదే వినబడుతుంది, సైన్‌తో గుణించినవాడికి రెండోదే. ఒకే దారి మీద రెండు బళ్ళు, గుద్దుకోవు. క్వామ్ అంటే అదే, క్యూపీఎస్‌కే అంటే అదే. ఫోర్ జీ, ఫైవ్ జీ అంతా దాని మీదే నిలబడి ఉంది. ఇంటర్వ్యూలో నేను పిల్లల్ని ఫైవ్ జీ గురించి అడగను, డీఎస్‌బీ సిగ్నల్‌కి ఫేజు తప్పితే ఏమవుతుంది అనే అడుగుతాను. పదిమందిలో ఇద్దరు చెప్తారు.

సోలార్_సూరి
ఇది నాకు ఇలగ ఎవరూ చెప్పలేదు అక్కా. ఒప్పుకుంటున్నాను, కానీ చెప్పే పద్ధతి మారాలి అన్నది మాత్రం వదలను.

జయపురం_అక్క
అది మాత్రం నేనూ వదలను.

ఎక్స్ఛేంజ్_మాస్టారు
భాష సంగతి ఎవరూ పట్టించుకోలేదు, నేను అడుగుతాను. అమ్మా, నువ్వు నోట్సు ఏ భాషలో రాసుకుంటావు?

వంశధార_అమ్మాయి
ఇంగ్లీషులోనే మాస్టారూ. బోర్డు మీద ఉన్నది దించేస్తాను.

ఎక్స్ఛేంజ్_మాస్టారు
రేపట్నుంచి ఎడమ పేజీలో అది, కుడి పేజీలో నీ మాటల్లో రాసుకో. తెలుగో ఒడియానో, రెండూ కలిపో. మా ఊరు పర్లాకిమిడి, గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో మాస్టారుగా చేరిన ఊరు. ఆయన వాడుక భాషలోనే చదువు చెప్పాలని జీవితమంతా పోట్లాడారు, మన కొండల్లో సవరల కోసం వాళ్ళ భాష నేర్చుకుని వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు. చదువు నోటికి వచ్చిన భాషలో ఉంటేనే లోపలికి దిగుతుందని ఆయన నమ్మారు. నేనూ ఎక్స్ఛేంజీలో కుర్రాళ్ళకి పీసీఎం, అంటే గొంతుని అంకెలుగా మార్చి పంపడం, తెలుగులోనే చెప్పేవాణ్ణి, ఒడియా కుర్రాళ్ళకి ఒడియాలో. క్యారియర్‌ని క్యారియర్ అనే అన్నాం, దానికి కొత్త పేర్లు పెట్టలేదు. కానీ ఎందుకు, ఎలాగ అన్నది మాత్రం ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో ఉండాలి.

సిగ్నల్_సింహాచలం
మా ల్యాబు అసిస్టెంటు ఒకాయన ఉండేవారు, ఇంగ్లీషు రాదు, పీహెచ్‌డీ చేసినవాళ్ళు కూడా సీఆర్ఓ (అలని తెర మీద చూపించే పరికరం) సింక్ కాకపోతే ఆయన్నే పిలిచేవారు.

ఆక్టేవ్_అప్పన్న
ఇంకో దారి. ఆక్టేవ్ అని లెక్కలు చేసి గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తది. నీ గొంతు పది సెకన్లు రికార్డు చేసి దాన్ని ఒక కాస్‌తో గుణించు, స్పెక్ట్రమ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో చూపే గ్రాఫ్, గీయించు. 455 అన్న చెప్పిన రెండు మేటలు కళ్ళతో చూడొచ్చు. తర్వాత డిజిటల్ మొదలయ్యే ముందు ఇది చెయ్యి: సెకనుకి 8000 శాంపిళ్ళతో (అంటే అలని సెకనుకి 8000 సార్లు కొలిచిన అంకెలతో) 3 కిలోహెర్ట్జ్ స్వరం పుట్టించి విను, అదే 8000తో 5 కిలోహెర్ట్జ్ పుట్టించి విను. రెండూ ఒకటే వినబడతాయి. ఎందుకో అరగంట ఆలోచించు. ఏలియాసింగ్, అంటే ఇలగ ఒక స్వరం ఇంకోదాని వేషం వేయడం, దాని మీద నాలుగు క్లాసుల్లో రానిది ఆ అరగంటలో వస్తది.

బరంపురం_బాబు
ఇప్పుడే చేసాను. నిజంగా ఒకటే!! 8 లోంచి 5 తీస్తే 3, అదేనా?

ఆక్టేవ్_అప్పన్న
అదే. బట్టీ బాబు కూడా దారిలోకి వచ్చాడు :)

455కేసీ
మధ్యలో ఒక మాట, సూపర్ హెటరోడైన్, అంటే ఏ స్టేషన్నైనా ముందు 455 కిలోహెర్ట్జ్‌కి (దాన్నే ఐఎఫ్ అంటారు) దింపి వినిపించే రేడియో పద్ధతి, అది చదివేటప్పుడు ఇమేజ్ ఫ్రీక్వెన్సీ అని వస్తది, అందరూ దాన్ని ఫార్ములాగా రాస్తారు. నా చిన్నప్పుడు కొట్లో ఒక సెట్టు వచ్చింది, జయపురం స్టేషన్ 1467 మీద వచ్చేది కదా, ఆ సెట్లో డయలు కింద 557 దగ్గర కూడా అదే పాట సన్నగా వినబడేది. కస్టమరు ఇది మంచిదే కదా రెండు చోట్ల వస్తంది అన్నాడు. నాన్న నవ్వి లెక్క చెప్పాడు. ముల్లు 557 మీద పెడితే లోపల ఆసిలేటరు దానికి 455 ఎక్కువ, అంటే 1012 మీద తిరుగుతది. 1467 లోంచి 1012 తీసెయ్, మళ్ళీ 455. ఐఎఫ్ కాయిల్‌కి ఏది అసలో ఏది నకిలీయో తెలీదు, 455 వస్తే లోపలికి రానిస్తది. నకిలీని ముందే ఆపాల్సింది ఏంటెన్నా దగ్గర ట్యూనింగు, ఆ సెట్లో గ్యాంగ్ (స్టేషన్ మార్చడానికి తిప్పే కెపాసిటరు) అలైన్‌మెంట్ పోయింది. నాన్న ట్రిమ్మర్లు, అంటే సర్దుకునే చిన్న కెపాసిటర్లు, తిప్పి సర్దాడు, 557 దగ్గర పాట పోయింది. కాలేజీలో మాస్టారు టూ ఎఫ్ ఐఎఫ్, అంటే రెండు 455లు, అని రాయగానే నాకు ఆ పాట వినబడింది.

జయపురం_అక్క
మా ఇంట్లో ఆ స్టేషన్ ఎంత గట్టిగా వచ్చేదో!! చదువుతుంటే ఒళ్ళు పులకరించింది.

వంశధార_అమ్మాయి
పది రోజులు కనబడలేదు, ల్యాబ్ ఇంటర్నల్స్. ఏఎం డిమాడ్యులేషన్, మాస్టారు చెప్పిన డయోడు సర్క్యూట్, ఈసారి కిట్టు మీద కాకుండా బ్రెడ్‌బోర్డు మీద నేనే పెట్టాను, మేడం ఒప్పుకున్నారు. క్యారియర్ 455 కిలోహెర్ట్జ్, మెసేజ్ 1 కిలోహెర్ట్జ్, మాడ్యులేషన్ ఇండెక్స్ ఎం (మాట క్యారియర్‌ని ఎంత లోతుగా ఊపుతోందో ఆ కొలత) 0.8, ఓఏ79 డయోడు, 10కే రెసిస్టరు, 104 కెపాసిటరు. అవుట్‌పుట్ గుండ్రంగా రాలేదు. పైకి బాగానే ఎక్కుతోంది, దిగేటప్పుడు మాత్రం రంపంలాగ ఏటవాలుగా గీత వస్తోంది. డయోడు మార్చాను, వైర్లు మార్చాను, అంతే. ఏటి తప్పు?

455కేసీ
104 అంటే 0.1 మైక్రోఫారడ్. 103 పెట్టి చూడు.

బరంపురం_బాబు
ఎందుకు అన్నా? ఊరికే మార్చమంటే నేను చెప్పిన బట్టీకీ దీనికీ తేడా ఏటి?

455కేసీ
బాగా అడిగావు. కెపాసిటరు అంటే కుండ, రెసిస్టరు అంటే దానికున్న చిల్లు. అల పైకి లేచినప్పుడు డయోడు కుండ నింపుతది, అల దిగినప్పుడు నీళ్ళు చిల్లులోంచి కారాలి. కుండ పెద్దదైపోతే అల గబగబా దిగిపోయినా నీళ్ళు నిదానంగా కారతాయి, ఆ కారడమే ఆ ఏటవాలు గీత. 10కే, 0.1 గుణిస్తే 1000 మైక్రోసెకన్లు. 0.8 ఇండెక్స్‌కి, 1 కిలోహెర్ట్జ్‌కి సుమారు 119 దాటకూడదు.

వంశధార_అమ్మాయి
119 ఎలా వచ్చిందో పట్టుకున్నాను. ఒకటి మైనస్ ఎం స్క్వేర్, దాని రూటు 0.6. దాన్ని 0.8తోనూ 6283తోనూ (టూ పై ఇంటూ 1000) భాగించాలి. పుస్తకంలో ఈ కండిషన్ ఉంది, నేను దాన్ని అయిదు మార్కుల ప్రశ్న అనుకుని బట్టీ కొట్టాను, నా బోర్డు మీద ఉన్న కుండ గురించి అనుకోలేదు. రేపు 103 పెడతాను.

గజపతి_గిరి
కుండ బాగుంది

సిగ్నల్_సింహాచలం
డయాగనల్ క్లిప్పింగ్ అని దీని పేరు, పరీక్షలో ఆ పేరు రాయి అమ్మా, కుండ అని రాస్తే మార్కులు వెయ్యరు :)

వంశధార_అమ్మాయి
103 పెట్టాను, 100 మైక్రోసెకన్లు. వచ్చింది!!! స్పీకర్ కూడా తగిలించాను, కూ అని వినబడింది. మా బ్యాచ్‌లో అందరినీ పిలిచి చూపించాను. ఇప్పుడు ధైర్యం వచ్చి డిజిటల్ సిలబస్ తెరిచాను, మొదటి పేజీలోనే రాండమ్ ప్రాసెస్ అని ఉంది, మళ్ళీ గుండె జారింది. దానికంటే ముందు క్వాంటైజేషన్, ఎ-లా, ము-లా, ఇవెందుకు?

ఎక్స్ఛేంజ్_మాస్టారు
ఇది నా అన్నం పెట్టిన సబ్జెక్టు, నేను చెప్తాను. టెలిఫోన్లో సెకనుకి 8000 శాంపిళ్ళు, ఒక్కోదానికి 8 బిట్లు, అంటే 64 వేల బిట్లు. అలాంటివి 32 స్లాట్లు ఒక తీగ మీద వరసగా కూర్చుంటే 2.048 మెగాబిట్లు, దాన్ని ఈ-వన్ అంటాం, అందులో 30 మాటలకి, రెండు సింక్‌కీ సిగ్నలింగ్‌కీ. మేం దాన్ని టూ ఎంబీ అనే పిలిచేవాళ్ళం.

ఇప్పుడు ఎ-లా. మన ఇళ్ళల్లో కొలతలు గుర్తు చేసుకో, గిద్ద, సోల, తవ్వ, అడ్డ, కుంచం. ధాన్యం కుంచంతో కొలుస్తాం, నూనె గిద్దతో కొలుస్తాం. నూనెని కుంచంతో కొలిస్తే ఇంటికి ఏం చేరుతుంది? గొంతు కూడా అంతే, చిన్నగా మాట్లాడేవాళ్ళూ ఉంటారు, అరిచేవాళ్ళూ ఉంటారు. శాంపిల్‌ని మెట్లలో కొలవడమే క్వాంటైజేషన్, అన్నింటికీ ఒకే మెట్టు పెడితే అరిచేవాడికి సరిపోతుంది, చిన్నగా మాట్లాడే ముసలమ్మ మాట గరగరలో కలిసిపోతుంది. అందుకని చిన్న సిగ్నల్‌కి చిన్న మెట్లు, పెద్ద సిగ్నల్‌కి పెద్ద మెట్లు. మన దేశంలో వాడేది ఎ-లా, దాని ఎ విలువ 87.6. ము-లా అమెరికా, జపాన్లది. మెట్లు సమానంగా ఉంటే ప్రతి బిట్టుకీ గరగర మీద 6 డెసిబెల్స్ లాభం, ఈ ఒక్క అంకె గుర్తు పెట్టుకో, సగం లెక్కలు నోటితో వచ్చేస్తాయి.

ఆక్టేవ్_అప్పన్న
మాస్టారూ మీరు క్లాసు పెడితే నేను బరంపురం నుంచి బండి మీద వస్తాను

జయపురం_అక్క
రాండమ్ ప్రాసెస్ గురించి నేను చెప్తాను, ఎందుకంటే నేను పడింది అక్కడే. డిజిటల్ కష్టం అని అందరూ అనేది మాడ్యులేషన్ వల్ల కాదు, ప్రాబబిలిటీ పునాది లేకపోవడం వల్ల. ఇలా చూడు. నువ్వు ప్లస్ వన్ గానీ మైనస్ వన్ గానీ పంపుతావు. దారిలో నాయిస్ కలుస్తుంది. వెయ్యిసార్లు ప్లస్ వన్, వెయ్యిసార్లు మైనస్ వన్ పంపి వచ్చినవాటిని గ్రాఫ్ గీస్తే ప్లస్ వన్ మీద ఒక గుట్ట వస్తుంది, మైనస్ వన్ మీద ఇంకో గుట్ట. మధ్యలో సున్నా దగ్గర గట్టు. ఒక గుట్ట తోక గట్టు దాటి అవతలి చేలోకి పోయిందా, ఆ పోయిన భాగమే నీ బిట్ ఎర్రర్. క్యూ ఫంక్షన్ అని భయపెట్టేది ఆ తోక వైశాల్యమే. నాయిస్ తగ్గితే గుట్టలు సన్నబడతాయి, పవర్ పెంచితే గుట్టలు ఎడం జరుగుతాయి. బీపీఎస్‌కేకి, అంటే ఇలా ప్లస్ వన్, మైనస్ వన్ పంపే పద్ధతికి, లక్షకి ఒక తప్పు రావాలంటే ఈబీ బై ఎన్ నాట్, అంటే నాయిస్‌తో పోలిస్తే ఒక్కో బిట్టు బలం, 9.6 డెసిబెల్స్ దగ్గర ఉండాలి, అప్పన్న చెప్పిన ఆక్టేవ్‌లో పది లక్షల బిట్లు పంపి తప్పులు లెక్కపెట్టు, పది దగ్గర్లో వస్తాయి. మ్యాచ్‌డ్ ఫిల్టర్ అంటే ఆ గుట్టల్ని వీలైనంత ఎడంగా నిలబెట్టే ఫిల్టరు, అంతకు మించి దాంట్లో ఏమీ దాగి లేదు. సెలవుల్లో ప్రాబబిలిటీ ఒక్కటి చదువు, ఇంకేమీ చదవకు. కోడింగ్ వదలమని నేను చెప్పను, నా పనిలో సగం కోడింగే. కానీ ఏ కోడు రాస్తున్నానో నాకు తెలిసింది ఈ గుట్టల వల్ల.

సోలార్_సూరి
నా డిగ్రీ అయ్యి ఆరేళ్ళు, ఇవాళ అర్థమైంది క్యూ ఫంక్షన్.

వంశధార_అమ్మాయి
అక్కా, కుడి పేజీలో మీ గుట్టలు, గట్టు బొమ్మ వేసుకున్నాను. మా రూమ్మేట్ రాయగడ ఒడియా అమ్మాయి, దానికి ఒడియాలో చెప్పాను, చెప్తూ ఉంటే నాకే ఇంకోసారి అర్థమైంది. ఇంకో సందేహం. 103తో మెసేజ్‌ని 3 కిలోహెర్ట్జ్ చేశాను, ఏటవాలు మళ్ళీ వచ్చేసింది. లెక్క వేస్తే 40 దాటకూడదు, నాది 100. 102 పెడితే 10 మైక్రోసెకన్లు, క్యారియర్ ఒక చుట్టుకి 2.2 మైక్రోసెకన్లు కాబట్టి దానికంటే ఎక్కువే ఉంది. సరేనా?

455కేసీ
సరే. పైన కొంచెం నురగలాగ క్యారియర్ కనబడొచ్చు, భయపడకు, చెవికి వినబడదు.

వంశధార_అమ్మాయి
పెట్టాను. నురగ ఉంది, ఏటవాలు పోయింది. ఈ ఆదివారం ఇంటికెళ్తున్నాను, మా తాతదొక పాత రేడియో ఉంది, చాలా ఏళ్ళుగా పలకదు, విప్పి ఐఎఫ్ కాయిల్ ఎక్కడుందో చూస్తాను.

455కేసీ
కరెంటుదైతే ముందు ప్లగ్గు తీసెయ్, కాసేపాగి విప్పు. డబ్బాల్లాంటి చిన్న వెండి రంగు డబ్బీలు ఉంటాయి, నెత్తి మీద రంగు స్క్రూ, అవే ఐఎఫ్ కాయిల్స్. ఆ స్క్రూలు మాత్రం తిప్పకు చెల్లీ. గ్యాంగ్‌లో దుమ్ము ఉంటే బ్రష్షుతో మెల్లగా దులుపు. అప్పటికీ పలక్కపోతే రాయగడ పట్రా, నాన్న చూస్తాడు, ఆదివారం కొట్టు ఉండదు, సోమవారం రా.